రౌతు లేని గుర్రం

ముంబై ఫోర్టు ప్రాంతంలో కాలా ఘోడా అనే కూడలి ఉంది. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. ఒకవైపు ఎల్ఫిన్‌స్టన్ కళాశాల, దాన్ని ఆనుకుని డేవిడ్ సాసూన్ గ్రంథాలయం, నాలుగడుగులు వేస్తే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. చిత్రకారులు, విద్యార్థులు, న్యాయవాదులు నిత్యం తిరిగే చోటు. ఆ కూడలిలో ఎత్తయిన దిమ్మె మీద నల్లని గుర్రం విగ్రహం కనిపిస్తుంది. దాని మీద రౌతు లేడు.

కొన్నేళ్ల కిందట మా విభాగం విద్యార్థులతో కలిసి అధ్యయన యాత్రలో భాగంగా అక్కడికి వెళ్లాను. ‘గుర్రం ఉంది, ఎక్కినవాడేడి సార్?’ అని ఒక విద్యార్థి అడిగాడు. ఒకప్పుడు ఈ కూడలిలో ఇంగ్లండు రాజు గుర్రమెక్కి ఉన్న విగ్రహం ఉండేదనీ, 1965లో దాన్ని తీసేశారనీ, ఇప్పుడున్నది కొత్త గుర్రమనీ చెప్పాను. అతను కాసేపు ఆగి, ‘రాజును దించారు, బాగుంది సార్. మా తాత సైకిలు మీద వస్తూ పెద్ద వీధి మొదట్లోనే దిగి నడిపించుకుంటూ పోయేవాడట. మరి ఆయన్ని ఎక్కనిచ్చింది ఎప్పుడు?’ అన్నాడు. రాజుల విగ్రహాల చరిత్రను తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను గానీ, ఈ ప్రశ్న ఎదురుగా పెట్టుకుని ఎన్నడూ చెప్పలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

కథ 1875 నవంబరులో మొదలవుతుంది. విక్టోరియా రాణి పెద్ద కొడుకు, అప్పటి యువరాజు, తర్వాతి కాలంలో ఏడో ఎడ్వర్డుగా సింహాసనమెక్కిన ఆల్బర్ట్ ఎడ్వర్డు బొంబాయి రేవులో దిగాడు. నాలుగు నెలలు దేశమంతా తిరిగి, సంస్థానాధీశుల కానుకలు అందుకుని, పులుల వేట ముగించుకుని 1876 మార్చిలో తిరిగి ఓడెక్కాడు. ఆ పర్యటనకు గుర్తుగా బొంబాయి నగరానికి ఒక కంచు విగ్రహాన్ని బహూకరిస్తానని ఆల్బర్ట్ సాసూన్ అనే వర్తక ప్రముఖుడు ముందుకొచ్చాడు. లండన్‌లో పేరుపొందిన శిల్పి జోసెఫ్ ఎడ్గర్ బోమ్ యువరాజును గుర్రం మీద కూర్చోబెట్టి విగ్రహం పోశాడు. 1879 జూన్ 26న బొంబాయి గవర్నరు సర్ రిచర్డ్ టెంపుల్ దాన్ని ఆవిష్కరించాడు. జనం యువరాజు పేరు పట్టించుకోలేదు. వాళ్ల కంటికి ఆనింది నల్లటి గుర్రం. కూడలికి ఆ పేరే స్థిరపడింది.

సాధారణంగా విగ్రహాల చరిత్ర ఇక్కడితో ముగుస్తుంది. ఎవరు చెక్కారు, ఎవరు ఇచ్చారు, ఎవరు ముసుగు తొలగించారు అన్న మూడు వాక్యాలు శిలాఫలకం మీద పట్టేస్తాయి. శిలాఫలకం మీద పట్టని సంగతుల్లోనే కులం ఉంటుంది, కూలి ఉంటుంది, ఆకలి ఉంటుంది. అందువల్ల ఆ మూడు వాక్యాలనే మళ్లీ ఒకసారి చదవాలి.

మొదట ముసుగు తొలగించిన చేతిని చూద్దాం. విగ్రహం లండన్‌లో తయారవుతున్న కాలంలోనే దక్షిణ భారతదేశం మహా కరువులో చిక్కుకుంది. రాయలసీమలో ధాత కరువుగా పెద్దలు తలుచుకునేది దాన్నే. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో వానలు లేవు, గింజలు లేవు, చివరకు నీళ్లూ లేవు. అటువంటి సమయంలో 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు తీర్చి, విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. అదే నెలలో కరువు ఖర్చు అదుపు చేయమని మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక అధికారిని పంపాడు. ఆ అధికారి పేరు రిచర్డ్ టెంపుల్. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే, మట్టి మోసే పురుషుడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని ఆయన తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో అర కిలోకు తక్కువే. పిల్లలకూ స్త్రీలకూ అంతకన్నా తక్కువ. చరిత్ర పుస్తకాల్లో ఇది ‘టెంపుల్ కూలి’ అన్న పేరుతో నిలిచిపోయింది. ఈ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. శిబిరాల్లో మరణాలు ఆ వాదనను రుజువు చేశాక గానీ కూలి పెరగలేదు. ఆలోగా టెంపుల్‌కు బొంబాయి గవర్నరుగా పదోన్నతి వచ్చింది.

1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయి కనిపిస్తుంది. ఈ తరిగిపోయినవారు ఎవరు? కరువు ఊరందరికీ వచ్చినా చావు అందరికీ ఒకేలా రాదు. గాదె ఉన్నవాడు గాదె తెరుస్తాడు, భూమి ఉన్నవాడు తాకట్టు పెడతాడు, పొరుగూళ్లో బంధుబలగం ఉన్నవాడు అక్కడికి పోతాడు. ఏ పూటకు ఆ పూట కూలి మీద, ఊరు పెట్టే మేర మీద బతికే మాలపల్లి, మాదిగపల్లికి ఇవేవీ లేవు. మగ్గం తప్ప మరోటి తెలియని నేతగాళ్లకూ లేవు. భూమి లేకపోవడం వాళ్ల దురదృష్టం కాదు, కులం వాళ్లకు విధించిన శిక్ష. రాయలసీమలో అర కిలో ధాన్యం లెక్క కట్టిన చెయ్యే మూడేళ్లు తిరగకుండా బొంబాయిలో కంచు గుర్రం మీది ముసుగు లాగింది. ఒక విగ్రహాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలదా?

ఇక విగ్రహం ఇచ్చిన చేయి. సాసూన్లు బాగ్దాదు నుంచి వచ్చిన యూదు వర్తకులు. పత్తి, వస్త్రాలు, వాటితోపాటు చైనాకు నల్లమందు ఎగుమతి వాళ్ల సంపదకు మూలం. మాల్వా పొలాల్లో పండిన నల్లమందు బొంబాయి రేవు మీదుగా చైనాకు వెళ్లేది. నగరానికి వాళ్లు గ్రంథాలయం ఇచ్చారు, రేవు ఇచ్చారు, ఆసుపత్రులూ బడులూ ఇచ్చారు. వాటి మేలును తక్కువ చేయనక్కర్లేదు. అయితే దాత పేరు రాతి మీద చెక్కినప్పుడు గసగసాల కాయకు గాటు పెట్టిన రైతు పేరు చెక్కరు, దాని మత్తులో కూలిపోయిన చైనా కూలివాడి పేరూ చెక్కరు. యువరాజుకు విగ్రహం పెట్టించిన ఆల్బర్ట్ సాసూన్‌కు 1890లో బ్రిటిష్ ప్రభుత్వం బారోనెట్ బిరుదు ఇచ్చింది. విగ్రహాల ఆర్థికశాస్త్రం ఆనాటికీ ఈనాటికీ పెద్దగా మారలేదు.

మూడో చేయి రాయి మోసిన చేయి. పందొమ్మిదో శతాబ్దం రెండో భాగంలో కోట గోడలు కూలగొట్టి ఫోర్టు ప్రాంతాన్ని కొత్తగా కట్టారు. హైకోర్టు, విశ్వవిద్యాలయం, సచివాలయం, రైల్వే టెర్మినస్ ఆ కాలపు కట్టడాలే. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి, కోస్తా, రాయలసీమల నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఆ నిర్మాణాల్లో చెమటోడ్చారు. బొంబాయి వాళ్లను కామాఠీలు అని పిలిచింది. వాళ్లు కాపురమున్న పేట కామాఠీపుర అయింది. ఆ పేరు వినగానే ఈనాడు దేశానికి గుర్తొచ్చేది వేరు. పడుపు వృత్తిని ఒక చోటికి నెట్టి నియంత్రించిన వలస పాలనలో కూలీల పేట మరో రకంగా పేరుకెక్కింది. నగరాన్ని కట్టిన మనుషుల పేరు చివరకు నగరం సిగ్గుపడే పేరుగా మిగిలింది. ఇంతకన్నా క్రూరమైన శిలాఫలకం మరొకటి ఉండదు.

ఈ కామాఠీలను కేవలం మోతకూలీలుగా చూస్తే మళ్లీ పొరపాటు చేసినవాళ్లమవుతాం. వాళ్లలో ఆలోచనాపరులున్నారు, ఉద్యమకారులున్నారు. 1873 సెప్టెంబరు 24న జ్యోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక్ సమాజ్ స్థాపించాక బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడీ లింగు వంటి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. పురోహితుడు లేని పెళ్లి, శూద్ర అతిశూద్రులకు చదువు అన్న మాటలను తెలుగు కూలి పేటల్లోకి తీసుకువెళ్లినవాళ్లు వీళ్లు. ఫూలే స్వయంగా నిర్మాణ పనులకు సామగ్రి సరఫరా చేసిన కాంట్రాక్టరు. సున్నం, ఇటుక, రాయి ఎవరి చేతుల మీదుగా వస్తాయో, వాటి మీద పేరు ఎవరిది పడుతుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. తెలుగునాట కుల వ్యతిరేక ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు మనం బొంబాయి కామాఠీల అధ్యాయాన్ని ఇప్పటికీ నాలుగు వాక్యాల్లో దాటేస్తున్నాం.

1888లో పుణెలో జరిగిన ఒక విందును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ముఖ్య అతిథి కన్నాట్ డ్యూక్, అంటే కాలా ఘోడా మీద కూర్చున్న యువరాజుకు స్వయానా తమ్ముడు. నగలు, పట్టుబట్టలు, తలపాగాలతో మెరిసిపోతున్న ఆ సభకు ఫూలే పేద రైతు వేషంలో వెళ్లాడు. ఇక్కడ కూర్చున్నవాళ్లను చూసి ఇదే భారతదేశం అనుకోవద్దనీ, అసలు దేశం పల్లెల్లో ఆకలితో, చదువు లేకుండా ఉందనీ, రాణిగారికి ఆ సంగతి చెప్పమనీ అన్నాడు. రాజకుటుంబం ఎదుట నిలబడడానికి రెండు పద్ధతులున్నాయి. సాసూన్ పద్ధతి ఒకటి, ఫూలే పద్ధతి ఒకటి. మొదటిదానికి కంచు విగ్రహం మిగిలింది. రెండోదాని వారసత్వమే ఇరవై ఏళ్ల తర్వాత ఆ విగ్రహం ముందు నుంచి పుస్తకాలు పట్టుకుని నడిచి వెళ్లింది.

ఆ నడిచిన విద్యార్థి భీమరావ్ రామ్‌జీ అంబేద్కర్. 1908 ప్రాంతంలో ఆయన ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చేరాడు. ఇల్లు పరేల్ వైపు కార్మికవాడలో, ఇరుకు గదిలో. బరోడా మహారాజు ఇచ్చే నెలకు పాతిక రూపాయల వేతనంతో చదువు. కళాశాల గుమ్మం ముందు, నడివీధిలో గుర్రమెక్కి కూర్చున్న ఏడో ఎడ్వర్డు అప్పటికి బతికే ఉన్నాడు, దేశానికి చక్రవర్తి కూడా. చట్టం ప్రకారం ఆ కూడలి అందరిదీ. సామ్రాజ్యంలో ప్రజలందరూ సమానమని రాణి 1858 ప్రకటనలోనే ఉంది. అయితే ఆ కళాశాలలో హోటలు నడిపే బ్రాహ్మణుడు అంబేద్కర్‌కు చాయ గానీ మంచినీళ్లు గానీ ఇచ్చేవాడు కాదని ఆయన జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశాడు. బయట చక్రవర్తి విగ్రహం, లోపల దొరకని నీళ్లగ్లాసు. కాలా ఘోడా చరిత్రను ఒక్క దృశ్యంలో చూపమంటే నేను ఈ దృశ్యాన్నే చూపుతాను.

ఆ కాలంలోనే బొంబాయిలో మరో రాజ విగ్రహం కథ నడిచింది. బరోడా గైక్వాడ్ బహూకరించిన విక్టోరియా రాణి పాలరాతి విగ్రహానికి 1896లో చాపేకర్ సోదరులు తారు పూశారు. మరుసటి ఏడు పుణెలో ప్లేగు అధికారి రాండ్‌ను చంపి ఉరికంబమెక్కారు. వాళ్ల త్యాగాన్ని జాతీయోద్యమ చరిత్ర గౌరవంగా గుర్తు పెట్టుకుంది. అదే సోదరులు సంఘ సంస్కర్తలను కూడా ద్వేషించారన్న సంగతిని మాత్రం అంతగా గుర్తు పెట్టుకోలేదు. పరాయి రాణి ముఖం మీద తారు పూసిన చేయి, తన ఊరి అంటరానితనం మీద వేలెత్తలేదు. వ్యక్తుల తప్పొప్పులు ఎంచడానికి ఈ మాట చెప్పడం లేదు. పరాయి పాలనను అవమానంగా భావించిన చైతన్యమూ, కులాన్ని అవమానంగా భావించిన చైతన్యమూ ఒకే కాలంలో, ఒకే రాష్ట్రంలో, వేర్వేరు దారుల్లో నడిచాయని గుర్తించడానికి.

ఈ మాట అనగానే ఒక పాత ఆరోపణ ముందుకొస్తుంది. దళితులకు తెల్లదొరల మీద మక్కువ ఎక్కువనీ, అందుకే వలస పాలన చిహ్నాల మీద వాళ్లకు కోపం రాదనీ. దానికి జవాబు 1930 నవంబరులో లండన్‌లో దొరుకుతుంది. రౌండ్ టేబుల్ సమావేశాన్ని ప్రారంభించినవాడు అయిదో జార్జి, కాలా ఘోడా రౌతుకు కొడుకు. ఆ సమావేశంలో అంబేద్కర్ లేచి నిలబడి, బ్రిటిష్ పాలనకు ముందు అంటరానివాళ్ల దుస్థితి ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందనీ, దాన్ని తొలగించడానికి ఈ ప్రభుత్వం చేసిందేమీ లేదనీ, ప్రజల చేత ప్రజల కోసం నడిచే ప్రభుత్వమే తమకు కావాలనీ స్పష్టంగా చెప్పాడు. వలస ప్రభుత్వం తెరిచిన బడిలో చదవడం వేరు, వలస ప్రభుత్వానికి మొక్కడం వేరు. దళితుడు ఈ తేడాను పాటించినంత నిక్కచ్చిగా, రాజుకు విగ్రహాలు కానుక ఇచ్చిన సంపన్న వర్గాలు పాటించలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన పద్దెనిమిదేళ్లకు, 1965లో కాలా ఘోడా విగ్రహాన్ని తొలగించి బైకుల్లాలోని జంతు ప్రదర్శనశాల ఆవరణకు తరలించారు. విక్టోరియా విగ్రహం కూడా అక్కడికే చేరింది. దేశమంతటా అదే గాలి. ఢిల్లీ ఇండియా గేటు వద్ద ఉన్న అయిదో జార్జి విగ్రహాన్ని 1968లో తీసేశారు. ఇది జరగవలసిందే. స్వతంత్ర దేశపు నడివీధిలో పరాయి చక్రవర్తి గుర్రమెక్కి కూర్చోవడం ఆత్మగౌరవానికి తగదు. ఆశ్చర్యమేమిటంటే బైకుల్లా, కామాఠీపుర పక్కపక్క ప్రాంతాలు. రాళ్లు మోసిన మనుషుల పేట దాపుకే చివరకు రాజు వచ్చి చేరాడు. రాజు కోసం తోటలో చోటు చూశారు. ఆయన ఖాళీ చేసిన కూడలిలో కామాఠీ మేస్త్రీకి చోటు ఇవ్వవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. కూడలి చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

అన్ని చోట్లా ఖాళీగా ఉండలేదు. 1989లో జైపూర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో మనువు విగ్రహం వెలిసింది. శూద్రుడికి చదువు నిషిద్ధమన్న ధర్మశాస్త్రాన్ని ఎవరి పేరుతో చెబుతారో ఆయనకు, రాజ్యాంగం ప్రకారం తీర్పులు చెప్పే చోట విగ్రహం. దాన్ని తొలగించాలని హైకోర్టే అదే ఏడాది నిర్ణయించినా, ఆ నిర్ణయం అమలు నిలిచిపోయి విగ్రహం అక్కడే ఉండిపోయింది. 2018 అక్టోబరులో మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఇద్దరు దళిత మహిళలు దాని మీద నల్లరంగు చల్లి అరెస్టయ్యారు. 1896లో రాణి మీద తారు పూస్తే దేశభక్తి, 2018లో మనువు మీద రంగు చల్లితే శాంతిభద్రతల సమస్య. పరాయి రాజును దించడంలో చూపిన తొందరను సొంత స్మృతికారుడి విషయంలో చూపలేకపోయాం. స్వాతంత్ర్యానికీ సమానత్వానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవాలంటే ఈ రెండు విగ్రహాల మధ్య దారం పట్టి కొలవవచ్చు.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు వస్తాను. రాజును గుర్రం దించిన యాభై ఏళ్లకు, 2015లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని పార్లమెంటు సవరించింది. శిక్షార్హమైన నేరాల జాబితాలో కొత్తగా చేరినవాటిని ఓపిగ్గా చదవాలి. దళితులను, ఆదివాసీలను బహిరంగ ప్రదేశాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా అడ్డుకోవడం, చెప్పులు లేదా కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు తీయనివ్వకపోవడం, ఆ ఊరేగింపులో గుర్రం ఎక్కనివ్వకపోవడం నేరాలు. అవును, గుర్రం ఎక్కడమన్న మాట చట్టంలోనే ఉంది. చంద్రుడి చుట్టూ, అంగారకుడి చుట్టూ నౌకలు తిప్పిన దేశం, ఒక పెళ్లికొడుకు గుర్రమెక్కే హక్కును కాపాడడానికి శాసనం రాయాల్సి వచ్చింది. మా విద్యార్థి తాతగారి సైకిలు కూడా ఆ జాబితాలో ఉంది.

చట్టం వచ్చాక పరిస్థితి మారిందా? 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత యువకుడు తన పెళ్లి ఊరేగింపును ఊరి ప్రధాన వీధి గుండా తీసుకువెళ్లడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ తిరిగాడు, హైకోర్టు తలుపు కూడా తట్టాడు. చివరకు వందమందికి పైగా పోలీసుల బందోబస్తు మధ్య పెళ్లి జరిగింది. రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ నుంచి ఏటా పెళ్లిళ్ల కాలంలో ఇలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. వరుడిని గుర్రం మీద నుంచి లాగేశారని, రాళ్లు రువ్వారని, హెల్మెట్ పెట్టుకుని ఊరేగాడని. మన రెండు రాష్ట్రాల్లో పెళ్లికొడుకు గుర్రమెక్కే ఆనవాయితీ తక్కువ గనుక ఇది మన సమస్య కాదనుకోవడం ఆత్మవంచన. మన దగ్గర అది గుర్రం రూపంలో కాకుండా చెప్పుల రూపంలో, రెండు గ్లాసుల రూపంలో, గుడి మెట్ల రూపంలో, పెళ్లి ఊరేగింపులోని డప్పుల పాట రూపంలో వచ్చింది.

2017లో కాలా ఘోడాకు మళ్లీ గుర్రం వచ్చింది. ఈసారి రౌతు లేకుండా. కూడలికి ఆ పేరెలా వచ్చిందో కొత్త తరానికి గుర్తుచేయాలన్న స్థానిక కళాభిమానుల సంకల్పం అది. సామ్రాజ్యాన్ని వదిలి జనం పెట్టుకున్న పేరును నిలుపుకోవడం మంచి ఆలోచనే, శిల్పమూ అందంగానే ఉంది. అయినా దాని ముందు నిలబడిన మా విద్యార్థికి ఆ ఖాళీ వీపు మీద మరో అర్థం కనిపించింది. రౌతు కొద్దీ గుర్రం అంటారు మనవాళ్లు. కులం మాత్రం రౌతు కనిపించని గుర్రం. కళ్లెం ఎవరి చేతిలో ఉందో ఎవరూ ఒప్పుకోరు. ‘మేం కులం పాటించం’ అనేవాళ్లతోనే దేశం నిండిపోయింది. ఇంటి అద్దె దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర, మౌఖిక పరీక్షల మార్కుల దగ్గర, పరిశోధనకు పర్యవేక్షకుణ్ని కేటాయించే దగ్గర మాత్రం గుర్రం ఎప్పటిలాగే పరుగెడుతుంది. నేను పనిచేసే విశ్వవిద్యాలయ ప్రపంచం ఇందుకు మినహాయింపు అని చెప్పే ధైర్యం నాకు లేదు.

విగ్రహాల విషయంలో తెలుగు రాష్ట్రాలు ఈమధ్య దేశానికి కొత్త కొలతలు ఇచ్చాయి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కృతమైంది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో అంతే ఎత్తున్న మరో విగ్రహం వచ్చింది. రాజధానుల ఆకాశరేఖ మీద అంబేద్కర్ నిలబడడం చిన్న విషయం కాదు. దానికి సంతోషించని దళితుడు ఉండడు, నేనూ సంతోషించాను. అయితే ఆ రెండింటికి కాస్త ముందు, 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు వీధులు భగ్గుమన్నాయి, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. విగ్రహం ఎత్తు పెరిగినంత సులువుగా మనసు ఎత్తు పెరగదని ఆ మంటలు చెప్పాయి.

ప్రభుత్వాలు పెట్టే విగ్రహాలకూ, పల్లె కూడళ్లలో జనం పెట్టుకునే విగ్రహాలకూ తేడా ఉంది. ఊరి అంబేద్కర్ విగ్రహం వెనక కూలి డబ్బుల చందా ఉంటుంది. సిమెంటు పనిచేసినవాడే దండ వేస్తాడు. అక్కడ ముసుగు తొలగించే గవర్నరు ఉండడు. ఆ విగ్రహం గుర్రమెక్కి ఉండదు. కాళ్ల మీద నిలబడి, చేతిలో పుస్తకం పట్టుకుని, వేలు చూపుతూ ఉంటుంది. వాడకు తమ తల ఎత్తుకునే హక్కు గుర్తుగా ఉంటుంది గనుకనే దాని మీద దాడులూ ఎక్కువ. తమిళనాడులో ఎన్నో చోట్ల అంబేద్కర్ విగ్రహం ఇనుప కటకటాల మధ్య నిలబడి ఉంది. చక్రవర్తి విగ్రహం తోటలో చెట్ల నీడన క్షేమంగా ఉంది, రాజ్యాంగ నిర్మాత విగ్రహానికి నడివీధిలో పంజరం అవసరమైంది. వలస పాలన ముగిసిందని చెప్పే మనం ఈ తేడాను ఏ పేరుతో పిలుస్తాం?

కాబట్టి కాలా ఘోడా చరిత్ర నుంచి మనం తెచ్చుకోవలసింది పాత విగ్రహాన్ని కూల్చాలా, ఉంచాలా అన్న వాదం కాదు. ఏ విగ్రహం ముందు నిలబడినా అడగాల్సిన కొన్ని మామూలు ప్రశ్నలు. దీనికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? రాయి ఎవరు మోశారు? ముసుగు లాగిన చేయి అంతకుముందు ఏం చేసింది? దీని నీడలో ఎవరికి నీళ్లు దొరకలేదు? సాసూన్ విగ్రహాన్ని అడిగిన ఈ ప్రశ్నలనే మన ప్రభుత్వాలు కట్టిన 125 అడుగుల విగ్రహాలనూ అడగాలి. అంబేద్కర్ పేరు మీద కట్టిన దిమ్మె పక్కనే ఉపకార వేతనాలు ఏళ్ల తరబడి ఆగిపోతే, ఎస్సీ హాస్టల్లో పిల్లలకు తాగునీళ్లు సరిగా అందకపోతే, ఉప ప్రణాళిక నిధులు దారి మళ్లితే, ఆ దిమ్మె మీద నిలబడింది అంబేద్కర్ అయినా, ఆ కూడలి మాత్రం ఏడో ఎడ్వర్డుదే.

చేయవలసిన పనులు కూడా పెద్దవేం కావు. బైకుల్లా ఆవరణలోని పాత విగ్రహం దగ్గర టెంపుల్ కూలి సంగతి, ధాత కరువు సంగతి రాసిన ఒక ఫలకం ఉండాలి. కాలా ఘోడా కూడలిలో కామాఠీ శ్రామికుల పేరు, ఆ పక్క కళాశాలలో దాహంతో చదువుకున్న విద్యార్థి పేరు కనిపించాలి. ముంబై తెలుగు సంఘాలు ఈ అడుగు వేస్తే రెండు తెలుగు ప్రభుత్వాలు తోడు నిలవాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు కామాఠీ సత్యశోధకుల మీద పరిశోధన చేయించాలి. కర్నూలులో, కడపలో కరువు మృతులకు ఒక చిన్న స్మారకమైనా ఉండాలి. లక్షల మంది చనిపోయిన చోట ఒక్క రాయి లేదు, ఆ చావులకు లెక్క కట్టినవాడు ఆవిష్కరించిన విగ్రహానికి మాత్రం నూట నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆ విద్యార్థిని, మీ తాతగారు ఇప్పుడేం చేస్తున్నారని అడిగాను. చనిపోయి నాలుగేళ్లయిందన్నాడు. ఆయన సైకిలు మాత్రం ఇంట్లో ఉందట. ఇప్పుడు తాను దాని మీదే పెద్ద వీధి గుండా వెళతాననీ, దిగననీ చెప్పాడు. ‘కానీ సార్, ఆ వీధిలో నుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ కాస్త వేగంగా తొక్కుతాను’ అన్నాడు. ఆ కుర్రవాడు ఆ వీధిలో నింపాదిగా తొక్కుకుంటూ వెళ్లగలిగిన రోజున, మనం రాజును గుర్రం దించిన పని పూర్తయినట్టు.